ఎద్దులకు పాడిన ప్లేబ్యాక్

నేను పాడినవాటిలో ఊరంతటినీ కదిలించిన పాట ఒక్కటే. కదిలించడమంటే కంటతడి పెట్టించడం కాదు, చెప్పులు వదిలేసి పరిగెత్తించడం. పట్టపగలు, మిట్టమధ్యాహ్నం, ఆళ్లగడ్డ పక్క పల్లెలో ఒక వీధి వీధంతా తలుపులు వేసుకుంది. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెప్తాను. నవ్వుకోండి, తప్పులేదు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం తలపుకొస్తే చేతిమీద రోమాలు ఇప్పటికీ నాకంటే ముందు లేచి నిలబడతాయి.

డెబ్బైల చివరి రోజులు. నంద్యాలలో పగలు బట్టలకొట్టులో గుడ్డలు చించేవాణ్ణి, సాయంత్రం పెళ్లి ఆర్కెస్ట్రాలో గొంతు చించుకునేవాణ్ణి. అప్పట్లో సినిమాపాటల్లో ఒక గాయకుడుండేవాడు. పేరెందుకులెండి, ఆయన్ని ఈ పాపంలోకి లాగడం న్యాయం కాదు. పెద్ద హీరోకి పాడితే ఛాతీలోంచి, హాస్యగాడికి పాడితే ముక్కులోంచి, ముసలి బిచ్చగాడికి పాడితే వణికే మోకాళ్లలోంచి వచ్చేది పాట. మా టీకొట్టులో సగంమంది ఇలా పాడేది ముగ్గురు వేరువేరు మనుషులనేవారు. ఒక్కడేనని వాదించే పక్షానికి నాయకుణ్ణి నేను. వాదించి ఊరుకున్నా బాగుండేది. ఆయన చేసేది నేనెందుకు చేయలేనని అద్దం ముందు నిలబడ్డాను. ఆరు నెలల్లో మా షావుకారి దగ్గు, బస్సు కండక్టరు కేక, చర్చిలో సంఘపెద్ద ప్రార్థన, అన్నీ నా గొంతులోకి కాపురానికొచ్చాయి. ఆర్కెస్ట్రావాళ్లు ‘ఐదుగొంతుల ప్రకాశం’ అని బిరుదిచ్చారు. ఆ ఐదింటిలో నాది ఏదో నాకే గుర్తులేని దశ అది.

అప్పుడే ఏసోబు మామ పోయాడు. మా అమ్మకు అన్న. నల్లరేగడి పొలం, రెండెద్దులు ఆయన లోకం. మామకు మీసం ఎద్దుకొమ్ములంత, గొంతు మాత్రం పిల్లనగ్రోవంత. సేద్యానికి గుంటక కట్టేముందు ఎద్దుల్ని ఒక కేక వేసి పిలిచేవాడు. సన్నగా లేచి, మెట్టుమెట్టుగా ఎక్కి, పైన గాలిలో కాసేపు నిలబడే కేక. అంత మీసంలోంచి ఇంత సన్నటి కేక ఎలా వస్తుందని చిన్నప్పటినుంచీ రోడ్డుమీద నిలబడి విని నవ్వుకునేవాణ్ణి. విన్నదాన్ని విన్నట్టు గొంతులో దాచుకున్నాను కూడా.

మామ పోయిననాటినుంచి ఆ ఎద్దులు కాడికి మెడ వంచలేదు. కర్రెద్దు కట్టుకొయ్య దగ్గరే నిలబడిపోయింది. మైలెద్దు మేత ముట్టడం మానేసింది. సుందరమ్మత్తకు పిల్లలు లేరు. ఉన్నవి ఆ ఎద్దులూ ఆ పొలమే. అవి కదిలితే సేద్యం నిలబడుతుంది, లేకపోతే ఎద్దులు బేరగాడికి, పొలం కౌలుకి, అత్త ఎవరి వాకిట్లోకో. మామ తమ్ముడు దానియేలు మామ అప్పటికే కోయిలకుంట్ల బేరగాడికి సోమవారం రమ్మని కబురంపాడు. చెడ్డవాడేం కాదు, తొందరమనిషి. ఏసుప్రభువును నమ్ముకున్నాడుగానీ ఎదురుశకునాన్ని వదులుకోలేదు. అత్త గది దాటకూడదనీ, కాడి కట్టేవేళ అసలు ఎద్దులకు ఎదురుపడకూడదనీ కట్టడి చేసింది ఆయనే. అత్త కూడా మామ పోయినప్పటినుంచి నోరు తెరవలేదు. కిటికీ దగ్గర గోడకు ఆనుకుని కూర్చునేది, అంతే.

పలకరించడానికి శుక్రవారం నేను వెళ్లాను. ఎద్దుల్ని చూశాను, అత్తను చూశాను, నాలోని కళాకారుడు లేచాడు.

“మామా, ఎద్దులకు మనిషి కావాలా, గొంతు కావాలా?” అన్నాను.

“రెండూ లేవు గదప్పా.”

“మనిషివి నువ్వు. గొంతు నాది. సినిమాల్లో ఇట్లే చేస్తారు. నువ్వు పెదాలు కదిలియ్యి, నేను ఎనక పాడతా.”

దానియేలు మామ నన్ను ఎగాదిగా చూశాడు. “ఎద్దులు సినిమాలు చూడవు అల్లుడా” అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు, నా సరదా తీరిపోతే బేరానికి అడ్డుండదని. అత్తను అడగాలని మా ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. ఈ వాక్యాన్ని కాస్త గట్టిగా చదవండి. నా తెలివితక్కువతనమంతా ఇందులోనే ఉంది.

మిట్టమధ్యాహ్నం. ఇంటిని ఆనుకున్న పొలంలో ఆకు కదలడం లేదు. బీటలిచ్చిన రేగడిమీద ఎండ నీళ్లలా ఆడుతోంది. దానియేలు మామ అన్న తలపాగా చుట్టుకుని, అన్న కంబళి భుజాన వేసుకుని, పగ్గాలు పట్టుకుని కాడి దగ్గర నిలబడ్డాడు. నేను గడ్డివామి చాటున చేరాను. సందులోంచి చూస్తే నా గుండె ఒక తాళం తప్పింది. అన్నదమ్ములకు పోలికలుంటాయని తెలుసుగానీ, తలపాగా నీడలో ముఖం దాగేసరికి అక్కడ నిలబడింది ఏసోబు మామే.

సైగ చేశాను. ఆయన పెదాలు విప్పాడు. నేను గొంతెత్తాను.

కేక లేచింది. ఎంత బాగా లేచిందంటే, అది నాదని నాకే నమ్మకం కలగలేదు. మెట్టుమెట్టుగా ఎక్కి, పైన నిలబడింది. కర్రెద్దు చెవులు రిక్కించింది. మైలెద్దు తలెత్తింది. దానియేలు మామ మాత్రం కళ్లు తేలేశాడు. పథకం తెలిసినవాడే, పాపం. కానీ తన నోట్లోంచి చచ్చిపోయిన అన్న గొంతు వస్తుంటే పథకాలెవరికి గుర్తుంటాయి? పగ్గాలు వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నేను వామి చాటున కళ్లు మూసుకుని తన్మయత్వంలో ఉన్నాను గనక రెండో కేక కూడా వేశాను. మూసిన నోట్లోంచి కూడా కేక వచ్చేసరికి తలపాగా ఒకవైపు, కంబళి ఒకవైపు, ఆయన మూడోవైపు.

“నోరు మూసుకున్నా ఆగలేదప్పా, లోపల్నే ఉండాడు అన్న” అని వీధి పొడవునా చెప్పుకుంటూ పరిగెత్తాడు. తలుపులు పడ్డది అప్పుడే.

నేను నవ్వుకుంటూ కళ్లు తెరిచాను. నవ్వు అక్కడే గడ్డకట్టింది.

ఎద్దులు రెండూ వామి చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చాయి. సరిగ్గా బారెడు దూరంలో ఆగిపోయాయి. నావైపు చూడటం లేదు. నా పక్కన ఖాళీగా ఉన్న చోటువైపు చూస్తున్నాయి. కర్రెద్దు మూతి చాచి ఆ ఖాళీని వాసన చూసింది. మైలెద్దు నాలుక చాపి గాలిని నాకింది. మామ చెయ్యి ఉండవలసిన ఎత్తులో. రెండూ ఏదో వినడానికన్నట్టు చెవులు ముందుకు పెట్టి, ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాయి. నేను మెల్లగా పక్కకు జరిగాను. అవి జరగలేదు. ఆ చోటునే చూస్తూ నిలబడ్డాయి.

మామూలు తెలివున్నవాడు ఆ సాయంత్రం బస్సుకే నంద్యాల చేరేవాడు. నాకున్నవి ఐదుగొంతులే, తెలివి లెక్కలో లేదు. శనివారం మళ్లీ పాడాను. ఆదివారం చర్చి వదలగానే మళ్లీ పాడాను. ప్రతిసారీ ఎద్దులు రావడం, బారెడు దూరంలో ఆగడం, నా పక్కనున్న లేనివాణ్ణి చూడటం. కాడి ఎత్తితే తల తిప్పుకునేవి. సంఘపెద్ద వచ్చి పొలం గట్టుమీద నిలబడి ప్రార్థన చేశాడు, గట్టు దిగలేదు. ఆ దారిన నడిచేవాళ్లు చుట్టూ తిరిగి వెళ్లసాగారు. నాక్కూడా భయం పట్టుకుంది. గొంతెత్తినప్పుడల్లా పక్కన ఎవరో తాళం వేస్తున్నట్టుండేది. తెర మీద నోరుండి వెనక గొంతుంటే ప్లేబ్యాక్. నోరే లేని గొంతును ఏమనాలి?

సోమవారం పొద్దున లేచేసరికి నా గొంతు పూర్తిగా పోయింది. ఐదూ ఒకేసారి. బేరగాడు వచ్చే రోజు. దానియేలు మామా నేనూ అరుగుమీద కూర్చున్నాం. నేను ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాను. ఎండ నడినెత్తికొచ్చింది.

పొలంలోంచి కేక లేచింది.

అదే కేక. సన్నగా, మెట్టుమెట్టుగా.

“నువ్వేనా?” అన్నాడు దానియేలు మామ.

నోటినిండా ఉప్పునీళ్లున్న నేను తల అడ్డంగా ఊపాను. ఆయన ముఖంలో రక్తం లేదు. నాది నేను చూసుకోలేదు, ఉప్పునీళ్లు మాత్రం మింగేశాను. కేక పైన నిలబడింది. నేనెప్పుడూ అక్కడే ఆపేవాణ్ణి. ఇది ఆగలేదు. పైనుంచి కిందికి జారి, చివర్లో చెవి ఒగ్గి వింటేగానీ వినపడనంత మెత్తగా, పసిబిడ్డను జోకొట్టినట్టు రెండు విరుపులు విరిగింది. ఆ తర్వాత మువ్వల చప్పుడు. కాడి చప్పుడు.

ఎవరు ముందు నడిచామో గుర్తులేదు. ఒకరి చొక్కా ఒకరం పట్టుకునే వెళ్లాం.

కర్రెద్దూ మైలెద్దూ గుంటక లాగుతున్నాయి. వెనక మేడి పట్టుకుని, కొంగు నడుముకు దోపి, సుందరమ్మత్త.

మమ్మల్ని చూసి ఆగలేదు. చాలు చివరిదాకా వెళ్లి, తిప్పుకొచ్చి, అప్పుడు నావైపు చూసింది.

“మూడు దినాల్నుంచి వింటాండా అల్లుడా. సగం పిలిచి ఇడిసిపెడతాండావు. అవి పాపం తక్కిన సగం కోసరం నిలబడతాండాయి. యాడ నేర్చినావప్పా ఈ పాట?”

“మామ దగ్గర” అందామనుకున్నాను. గాలి మాత్రమే వచ్చింది. అర్థం చేసుకుంది.

“మీ మామకు నేర్పింది నేనే. రుద్రవరంలో మా నాయన కేక ఇది. దూడలప్పుడు ఈటిని సాకింది నేను, పిలిచింది నేను. కడాన విరుపు చెవి కాడికొచ్చి చెప్పాల. రోడ్డు మీద నిలబడేటోనికి ఏం ఇనపడతాది?” అని ఆగి, అంత దుఃఖంలోనూ మూతి విరిచింది. “నా నోరు లేస్తాదని నాకే తెలీదు. నీ పాట ఇనలేక లేచినా.”

దానియేలు మామ గొంతు సవరించుకున్నాడు. “వదినా, ఎద్దులకు నువ్వు ఎదురు...”

“ఎదురు యాడ పోతాండా అప్పా? ఎనకాల గదా నడుస్తాండేది. బేరగాన్ని ఆడ్నుంచి ఆడ్నే పంపించు.”

ఎద్దులు కదిలాయి. ఇన్నేళ్లూ ఆ పొలంలో పెదాలు మామవి, పాట ఆమెది. టీకొట్టులో గొంతులు గుర్తుపట్టడంలో నన్ను మించినవాడు లేడని విర్రవీగిన నాకు, మా ఇంట్లో పాడుతున్నదెవరో తెలియలేదు. అక్కడే, ఆ దుక్కి గడ్డలమీద, గొంతులేని గొంతుతో ప్రమాణం చేశాను: పోయినవాళ్ల గొంతు ఇక జన్మలో ఎత్తను. తప్పనిసరై ఎత్తవలసివస్తే, ముందు లోపలి గదికి వెళ్లి, అది అసలు ఎవరి గొంతో అడిగి మరీ ఎత్తుతాను.