కార్తీకంలో వెల్లుల్లి వాసన

పన్నెండేళ్ల కిందట, జూన్ బదిలీల్లో నన్ను మాచవరం దగ్గర ఒక పశువైద్యశాలకు వేశారు. హోదా పశువైద్య సహాయ సర్జన్. పేరులో ‘సహాయ’ అని ఉంటుంది గానీ, ఆ ఆస్పత్రికి పెద్ద డాక్టరూ చిన్న డాక్టరూ నేనే. నాకు సహాయం మాత్రం మస్తాన్ వలి అనే అటెండరు. ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్నాడు. ఏ ఊళ్లో ఏ గేదె ఎన్నో ఈత ఈనిందో రిజిస్టరు తెరవకుండా చెప్పగలడు.

చేరిన నెలకే మండలం రైతులకు పశుపోషణ సదస్సు పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నా వంతుకు ఖనిజ లవణాలు పడ్డాయి. కాల్షియం, భాస్వరం గురించి చెబుతుంటే ముందు వరుస కునుకు తీసింది. అప్పుడు నేను కాస్త ఉత్సాహపడి సెలీనియం గురించి ఎత్తుకున్నాను. అది మట్టిలో ఉండే మూలకం. మట్టిలో నుంచి గడ్డిలోకి, గింజలోకి వస్తుంది, అక్కడి నుంచి పశువులోకి, మనిషిలోకి వస్తుంది. గుడ్లలో, చేపల్లో కూడా ఉంటుంది. అది చాలకపోతే ఈనిన గేదె మాయ వేయదు, దూడలు కండరాలు తెల్లబడి లేవలేవు. ఇ-విటమిన్‌తో కలిసి కండరాన్ని అది కాపాడుతుంది. ఇంతవరకు చెప్పి, సభ మెలకువగా ఉందని సంతోషించి, చివర్లో ఒక మాట వదిలాను. “కండకు బలం కావాలంటే సెలీనియం ఉండాలి” అన్నాను.

మధ్య వరుసలోంచి ఒక నలభై ఏళ్ల రైతు లేచి, “మనుషులక్కూడా పనికొస్తదా మేడం?” అని అడిగాడు.

పశువుకు ఎలాగో మనిషికీ అలాగే అన్నాను. ఎంత కావాలని అతను అడగలేదు. నేనూ చెప్పలేదు. ఈలోపు టీ వచ్చింది.

ఆ రైతు పేరు పున్నారావు. అతనికి పందేలకు పెంచే ఒంగోలు జత ఉందని, శివరాత్రి తిరునాళ్లలో బండలాగుడుకు మూడేళ్లుగా కడుతున్నాడని, మూడేళ్లుగా నాలుగో బహుమతి దగ్గరే ఆగిపోతున్నాడని మస్తాన్ తర్వాత చెప్పాడు. లోపమంతా దాపటి ఎద్దుదట, అంటే కాడికి ఎడమవైపు కట్టేది. దాని పేరు రాముడు. వలపటి ఎద్దు లాగుతుంటే రాముడు జనాన్ని చూస్తూ నడుస్తుందని ఊళ్లో వాడుక.

కార్తీకమాసం రెండో వారంలో పున్నారావు ఫోన్ చేశాడు. రాముడికి నడక బాగాలేదు, ఆస్పత్రికి తోలుకురాలేనన్నాడు. నడవలేని పశువు దగ్గరికి మేమే వెళ్లాలి. నేనూ మస్తానూ బండి మీద వెళ్లాం.

కొట్టంలో ఎద్దు చూడటానికి బాగానే ఉంది. తోక కుచ్చు మరీ బాగుంది. నల్లగా, ఒత్తుగా, నిగనిగలాడుతూ మోకాళ్ల కిందకి వేలాడుతోంది. పరీక్షలో జ్వరం చూడటం మొదటి పని. థర్మామీటరు పెట్టడానికి తోక పట్టుకుని పైకెత్తాను. కుచ్చు మొత్తం ఊడి నా చేతిలోకి వచ్చేసింది.

అంతవరకు నా సర్వీసులో పశువు అవయవం ఏదీ అలా ఊడి చేతికి రాలేదు. ఒక్క క్షణం నిజంగా భయపడ్డాను. మస్తాన్ దగ్గరికొచ్చి చూసి, “మేడం, ఇది సవరం” అన్నాడు.

సవరమే. నల్ల రిబ్బనుతో తోకకు కట్టారు. దాని కింద అసలు తోక అరిగిపోయిన చీపురుకట్టలా ఉంది, పది వెంట్రుకలు కూడా లేవు. పున్నారావు తల దించుకున్నాడు. పందెం ఎద్దును చూడటానికి పై ఊళ్లవాళ్లు వస్తుంటారట, బోడి తోక చూస్తే పరువు పోతుందని కట్టాడట. సవరం అతని భార్య శిరీషది. ఆమె వాకిట్లో నిలబడి, “పెళ్లికి పోవాలని పెట్టె తీస్తే అది లేదు మేడం. వారం నుంచి వెతుకుతున్నా” అంది. ఎద్దు తోక వైపు ఇంకోసారి చూసి, ఇక అది తనకొద్దంది.

తర్వాత గిట్టలు చూశాను. గిట్ట మొదలు చర్మాన్ని కలిసేచోట చుట్టూ గీత గీసినట్టు పగిలి ఉంది. నాలుగు కాళ్లకూ అదే వరస. అందుకే నడక బాగాలేదు. వెంట్రుక రాలడం, గిట్ట పగలడం రెండూ ఒకేసారి కనిపిస్తే మనసులోకి వచ్చే జబ్బులు కొన్నే. నోరు చూద్దామని దవడ తెరిచి వంగాను. గుప్పుమని వెల్లుల్లి వాసన కొట్టింది. పచ్చివెల్లుల్లి దంచి మూత తీసినట్టు.

“వెల్లుల్లి ఏమన్నా పెట్టారా దీనికి?” అని అడిగాను.

ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు ఇంట్లోంచి పున్నారావు తల్లి కోటమ్మగారు బయటికొచ్చారు. అరవై అయిదేళ్ల మనిషి, నుదుట విభూతి, చేతిలో జపమాల. “విన్నారా అమ్మా! కార్తీకమాసంలో గొడ్డుకు కూడా పెట్టింది!” అని కోడలి వైపు చెయ్యి చూపించారు.

అప్పుడు గానీ ఆ ఇంట్లో జరుగుతున్నది నాకు తెలియలేదు. కోటమ్మగారు కార్తీకమంతా ఒంటిపూట భోజనం చేస్తారు. ఇంట్లోకి ఉల్లి, వెల్లుల్లి రానివ్వరు. అలాంటిది పాడ్యమి నుంచీ కొడుకు దగ్గరికి వస్తే చాలు వెల్లుల్లి వాసన. కోడలు చాటుగా మొగుడికి వెల్లుల్లి కారం చేసి పెడుతోందని ఆవిడ తేల్చుకున్నారు. పోపుల డబ్బాలు వెతికారు, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూశారు, పక్కింటి చెత్తబుట్టలో వెల్లుల్లి పొట్టు ఉందేమోనని కూడా చూశారు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో కోడలు మరీ గడుసుదని రుజువైంది. మాటామాటా పెరిగి, సోమవారం అమరావతి వెళ్లి అమరేశ్వరుడి ముందు దీపం ఆర్పి ప్రమాణం చేస్తానని శిరీష అంది. కోటమ్మగారు సరేనన్నారు. కారు కూడా మాట్లాడేశారు. ప్రమాణం అయ్యాక అటునించి అటే అచ్చంపేటలో పుట్టింటికి పోతానని శిరీష బట్టలు సర్దుకుని ఉంది. నేను వెళ్లింది శనివారం.

పశువుకు సెలీనియం ఎక్కువైనప్పుడు మొదట పట్టిచ్చేది శ్వాస. ఒంట్లో ఎక్కువైన సెలీనియాన్ని శరీరం ఊపిరితో బయటికి పంపుతుంది, ఆ ఊపిరి అచ్చంగా వెల్లుల్లి వాసన వేస్తుంది. పుస్తకంలో చదివాను గానీ అంతకుముందు ముక్కుకు తగల్లేదు. అనుమానం వచ్చినప్పుడు ఒక్క పశువును చూసి తేల్చకూడదు. అదే కొట్టంలో ఉన్న ఆరోగ్యమైన పశువుతో పోల్చాలి, ఇంకొకరి చేత కూడా చూపించాలి. మస్తాన్‌ను పిలిచి వలపటి ఎద్దు నోరు, గేదె నోరు వాసన చూడమన్నాను. రెండింటికీ గడ్డి వాసనే అన్నాడు. రాముడి నోరు చూసి, “ఇది మాత్రం బిర్యానీ తిన్నట్టుంది మేడం” అన్నాడు.

“పున్నారావుగారూ, దీనికి ఏం పెడుతున్నారు?” అని గట్టిగా అడిగాను. దాణా, ఉలవలు, పచ్చగడ్డి అన్నాడు. ఇంకా? చిట్టు. ఇంకా? అతను పక్కకు చూశాడు. అప్పుడు నాకు ఇంకో సంగతి కనిపించింది. అతని జుట్టు నడినెత్తిన పలచబడింది. వేలి గోళ్ల మీద తెల్లటి అడ్డగీతలు ఉన్నాయి.

“మీరొకసారి ఇటొచ్చి గాలి వదలండి” అన్నాను.

ఆడ డాక్టరు తన నోరు వాసన చూడటమేమిటని అతను వెనక్కి జరిగాడు. అప్పటికే గోడ మీద ఐదారు తలలు లేచాయి. మస్తాన్ సర్ది చెప్పి, తానే దగ్గరికెళ్లి ఊదమన్నాడు. పున్నారావు ఊదాడు. మస్తాన్ నా వైపు తిరిగి, రిజిస్టరులో రాయించేవాడిలా గంభీరంగా, “ఎద్దూ, ఈయనా ఒకటే మేడం” అన్నాడు.

“చూశారా! నేను చెప్పలా?” అన్నారు కోటమ్మగారు. “మొగుడికి పెట్టింది, ఎద్దుకు పెట్టింది. నా నోరు కూడా చూడండి. ముప్పై కార్తీకాలు చేసిన నోరమ్మా ఇది!” అంటూ నా ముఖం మీదికి వచ్చి ఊదారు.

వెల్లుల్లి.

మస్తాన్‌ను పిలిచాను. అతను రెండడుగుల దూరం నుంచే ఆగిపోయి, నేల చూస్తూ, “పెద్దమ్మగారికి కూడా ఉంది మేడం” అన్నాడు. ఆవిడ జపమాల నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అందరం శిరీష వైపు తిరిగాం. ఆమె ఎవరూ అడగకుండానే నడిచొచ్చి నా ముందు ఊదింది. ఏ వాసనా లేదు. ఆ ఇంట్లో రెండు ఎద్దులు, ఒక గేదె, ముగ్గురు మనుషులు. మనుషుల్లో ఎవరి మీద నేరం మోపారో ఆమె నోట్లో మాత్రం వెల్లుల్లి లేదు.

పున్నారావు ఇక ఆగలేకపోయాడు. కొట్టం అటక మీద నుంచి ఒక సంచి దించాడు. కోళ్ల ఫారాల మేత తయారీలో కలిపే గాఢమైన సెలీనియం మిశ్రమం అది. టన్నుల మేతకు కాస్త కలపాల్సినది. ఎవరో తెలిసినాయన దగ్గర అడిగి తెచ్చుకున్నాడు. శ్రావణం నుంచి రాముడికి పూటకో చెంచా పెట్టాడు. వలపటి ఎద్దుకు ఇప్పటికే బలం ఉందని దానికి పెట్టలేదు. పొలం పనుల్లో నడుం నొప్పిగా ఉందని దసరా నుంచి తానూ మజ్జిగలో చిటికెడు వేసుకుంటున్నాడు. తల్లికి మోకాళ్ల నొప్పులు, మందులంటే పడదు. అందుకని ఆవిడ మజ్జిగలో కూడా చెప్పకుండా ఇంత వేస్తున్నాడు.

“ఎవరు వేయమన్నారు?” అని అడిగాను.

“మీరే చెప్పారుగా మేడం, కండకు బలమని. మనిషికీ గొడ్డుకూ ఒకటేనని” అన్నాడు.

గోడ మీది తలలన్నీ నా వైపు తిరిగాయి.

నేను చెప్పినది తప్పు కాదు, చెప్పకుండా వదిలేసినది తప్పు. మనిషికి రోజుకు కావలసిన సెలీనియం ఎంతంటే, ఒక గ్రామును లక్ష భాగాలు చేస్తే అందులో ఐదారు భాగాలు. మామూలు తిండిలోనే చాలామందికి అది దొరికిపోతుంది. కావలసిన దానికీ విషమయ్యే దానికీ మధ్య ఎడం చాలా తక్కువ. ఈ సంగతి ఆ రోజు సదస్సులో చెప్పవలసింది, ఆ కొట్టంలో చెప్పాను. పొడి ఆ క్షణం నుంచి ఆపమన్నాను. సంచి మేం తీసుకున్నాం. రాముడి నెత్తురు, మిగిలిన తోక వెంట్రుకలు, దాణా నమూనా కట్టి చీటీ రాసి ప్రయోగశాలకు పంపడానికి సిద్ధం చేశాను. మనుషులకు వైద్యం చేసే అధికారం నాకు లేదు కాబట్టి, తల్లీకొడుకులను ఆ రోజే నరసరావుపేటలో పెద్ద డాక్టరుకు చూపించమని, సంచి మీది కాగితం కూడా పట్టుకెళ్లమని చెప్పాను.

ఇక గొడవ తీరిందనుకుని బ్యాగు సర్దుకుంటున్నాను. శిరీష మొగుడి దగ్గరికెళ్లి నిలబడింది.

“ఎద్దుకు పెట్టావు. మీ అమ్మకు పెట్టావు. నువ్వు తాగావు. ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని గుర్తు రాలా?” అంది.

“అది విషమంటున్నారు కదే!” అన్నాడతను.

“నీకు తెలియనప్పటి సంగతి అడుగుతున్నా. బలమనుకున్నప్పుడు నాకెందుకు పెట్టలా?”

మస్తాన్ నా చెవిలో, ఇది మన పరిధిలోది కాదు మేడం, పోదాం అన్నాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, నవ్వు కూడా వస్తోంది. ఆపుకుంటోంది.

గేటు దాకా ఆమే వచ్చింది. అత్తగారి నోట్లో ఆ వాసన ఉన్నట్టు తనకు పది రోజులుగా తెలుసని అప్పుడు చెప్పింది. మరి ఎందుకు బయటపెట్టలేదని అడిగితే, “పెద్దావిడతో నీ నోరు వాసనొస్తందని ఎట్టా అంటాం మేడం? దానికన్నా ప్రమాణం చేయడమే తేలిక” అంది.

సోమవారం కారు అమరావతి వెళ్లింది. డబ్బు ముందే ఇచ్చారు కదా అని ముగ్గురూ దర్శనం చేసుకుని వచ్చారట. దీపాలు వెలిగించారే గానీ ఎవరూ ఆర్పలేదు. శిరీష అచ్చంపేట వెళ్లలేదు. కోటమ్మగారు కోడలితో క్షమాపణ మాట అనలేదు. కార్తీకం వెళ్లిన మర్నాడు తానే రోట్లో వెల్లుల్లి కారం దంచి, మొదటి ముద్ద కోడలి కంచంలో వేశారని మస్తాన్ వార్త తెచ్చాడు.

ప్రయోగశాల ఫలితం మూడు వారాలకు వచ్చింది. సెలీనియం ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువే. అప్పటికే తల్లీకొడుకుల నోటి వాసన పోయింది. రాముడికి గిట్టలు చెక్కి, అవిసె గింజల చెక్క, మంచి మేత పెట్టించాం. గిట్ట కొత్తగా పెరగడానికి నెలలు పడుతుంది, కాబట్టి ఆ శివరాత్రికి పందెంలో కట్టకూడదని రాసిచ్చాను. పున్నారావు ఎదురు చెప్పలేదు. పందెం రోజున రాముడిని గట్టు మీద కట్టేసి ఉంచాడు. అది జనాన్ని చూస్తూ హాయిగా నిలబడింది. ఎండాకాలానికి తోకకు సొంత కుచ్చు వచ్చింది.

నివేదిక పంపినప్పుడు ‘పశువు యజమాని శ్వాసలోనూ, యజమాని తల్లి శ్వాసలోనూ అదే వాసన గమనించడమైనది’ అని రాశాను. పై అధికారి ఆ వాక్యం కింద గీత గీసి, మనుషుల శ్వాస పరీక్షించడం ఏ నిబంధన కింద జరిగిందో తెలపమని అడిగారు. పశువుతో పోలిక కోసమని జవాబిచ్చాను. ఫైలు ముగిసింది.

మిరపచేలో పురుగుమందు కొట్టే రైతు మూతతో కొలుస్తాడు, ఎందుకంటే అది విషమని అతనికి తెలుసు. బలమని చెబితే ఎవరూ కొలవరు. ఆ ఏడాది నుంచి రిటైరయ్యేదాకా ఏ సదస్సులోనైనా నేను మోతాదు ముందు చెప్పి, తర్వాతే మందు పేరు చెప్పాను. కొన్నిసార్లు పేరు చెప్పేలోపే టీ వచ్చేది. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు.