దారి మూసేయమన్న ప్రార్థన

విశాఖపట్నంలో ఉపాధ్యాయ శిక్షణకు నాకు సీటు వచ్చిందని ఉత్తరం అందినప్పటి నుంచి అమ్మ మూడు వారాలపాటు వద్దంటూనే ఉంది. చెప్పిన రోజు మధ్యాహ్నంలోగా చేరకపోతే సీటు ఇంకొకరికి వెళ్తుంది. దానికి ముందు రోజే బయలుదేరాలి. రేపు ప్రయాణమనగా సాయంత్రం అమ్మ ఉన్నట్టుండి ఒప్పుకుంది. నా అనుమానం అప్పుడే మొదలైంది.

హౌరాకు నది ఇవతల ఉన్న మా గార్డెన్ రీచ్ తెలుగు క్రైస్తవ సంఘంలో ఎవరు ఊరు దాటినా ముందు ఇంట్లో ప్రార్థన ఉంటుంది. "క్షేమంగా చేర్చు తండ్రీ" అంటారు. ఆ ఉదయం అమ్మ మాత్రం "నీ చిత్తం కాకపోతే దారి మూసెయ్యి తండ్రీ" అంది. మూడుసార్లు అంది. నాన్నకు రేవులో పొద్దుటి డ్యూటీ. హౌరా స్టేషన్‌లో నన్ను రైలు ఎక్కించడానికి, సంఘంలో స్త్రీల ప్రార్థన నడిపే సారమ్మ పిన్నిని అమ్మే పిలిచింది. ఒక్కదాన్నే వెళ్లగలనన్నాను. ఎవరూ వినలేదు. నేను వినిపించేలా అనలేదు కూడా.

బండి మధ్యాహ్నం రెండింటికి. తొమ్మిదిన్నరకు ఇల్లు కదిలాం. ధర్మతల మీదుగా బస్సూ ట్రామూ మారుతూ వెళ్లవచ్చు. నది దాటి, అవతల బొటానికల్ గార్డెన్ దగ్గర హౌరా బస్సు ఎక్కితే దగ్గర. పడవకు మనిషికి పది పైసలు. పది గంటలకు ఘాట్‌లో పడవ నిండుతుండగా పిన్ని ముసుగు సవరించుకుని నా చెయ్యి పట్టుకుంది.

"నీళ్ల మీద పెయానం. పార్దన సేసుకోకుండా ఎక్కీడమేటే? కళ్లు మూసుకో."

పడవవాడు "మాషీమా, ఉఠే ఆసున్!" అంటూ ఎక్కమని రెండుసార్లు పిలిచాడు. పిన్ని ఆమెన్ అనేసరికి పడవ నది మధ్యలో ఉంది. ముప్పావు గంటకు మరొకటి వచ్చింది. పిన్ని మళ్లీ కళ్లు మూసుకుంది.

"ఇందాక చేశాం కదా పిన్నీ."

"అది ఆ పడవకే. ఇది యేరే పడవ."

అదీ వెళ్లిపోయింది. మూడోది రాగానే నేను పెట్టె తీసుకుని ముందే ఎక్కి కూర్చున్నాను. పిన్ని నా వైపు కాసేపు చూసి, తానూ ఎక్కింది.

అవతలి ఒడ్డు చేరేసరికి పన్నెండు. బస్సు సిద్ధంగా ఉంది.

"బస్సుకి కూడానా?" అన్నాను.

"బస్సుకి సక్రాలుండవేటి?"

"భగవంతుడు ఎక్కడికీ పోడు దీదీ, నా బస్సు పోతుంది" అని కండక్టరు బెంగాలీలో నవ్వి గంట కొట్టాడు. తరువాతి బస్సు దొరికి, శిబ్‌పూర్‌లో లారీల వెనక నిలిచిపోయి, హౌరాలో దిగేసరికి ఒంటిగంటా నలభై. పిన్ని ప్లాట్‌ఫారం టికెట్టు కోసం, ఉన్నవాటిలో అన్నిటికన్నా పొడుగు వరసలో నిలబడింది. అప్పుడు నా గొంతు కాస్త పైకి లేచింది.

"పిన్నీ, అమ్మ నిన్నేం అడిగింది?"

ఆమె గడియారం వైపు చూసింది. "నిదానంగా తీసుకెల్లమంది. బండి తప్పిపోతే దేవుడి సిత్తమని నువ్వే ఊరుకుంటావంది."

"మరి నువ్వు ఒప్పుకున్నావా?"

"రెండు పడవలొదిలీసినాను. బస్సొదిలీసినాను. అయినా ఒచ్చీసినావు. ఓలే, ఇంకా ఆపితే ఆపింది నేనౌతాను గానీ ఆయన కాడు."

వరస వదిలేసి నా పెట్టె తనే ఎత్తుకుంది. గేటు దగ్గర "గుంటనెక్కించి ఒచ్చేత్తాను దాదా" అంటూ టికెట్టు బాబును దాటేసింది. మూడో తరగతి పెట్టె తలుపు దగ్గర నేను అలవాటుగా కళ్లు మూసుకున్నాను.

"కళ్లు తెరువే! ముందెక్కు. బండి కదిలినాక నేను సేసుకుంటాను."

"అమ్మకేం చెబుతావు?"

"దారి తెరిసే ఉందని సెప్తాను. అబద్దం కాదు గదా."

ఖరగ్‌పూర్ దాకా అమ్మ మీద కోపంగానే ఉన్నాను. తరువాత నా మీదే అనుమానం వచ్చింది. ఘాట్‌లో పిన్ని ప్రార్థిస్తుంటే నేనూ ప్రార్థించాను, ఆమె నోరు కట్టెయ్యి ప్రభువా అని. అమ్మ దారి మూయమంది, నేను తెరవమన్నాను. నీ చిత్తమేమిటని ఇద్దరమూ ఆయనను అడగలేదు. ఏం చెయ్యాలో ఆయనకు చెప్పాం. మర్నాడు వేళకు చేరి సీటు దక్కించుకున్నాను. ఇప్పుడు ప్రార్థనలో నా మాటలు తగ్గాయి. నాన్న చేత అమ్మ రాయించిన మొదటి ఉత్తరంలో "నిన్ను దేవుడే పంపాడు" అని ఉంది. అమ్మ నిజంగా అలా అనుకుంటోందో, ఓడిపోయి అలా రాయించిందో తెలియదు. నేనూ అదే నమ్మాలనుకుంటున్నాను కాబట్టి, ఆ మాటను ఇంకా పూర్తిగా నమ్మలేదు.

గార్డెన్ రీచ్ నుంచి పడవ దారిలో వెళ్లి హౌరాలో రెండు గంటల బండి అందుకోవాలంటే ఉదయం తొమ్మిదిన్నరకు బయలుదేరితే చాలు. తోడు వచ్చేది ప్రార్థనాపరులైతే ఎనిమిదికే ఇల్లు కదలండి, పడవలో మీరే ముందు కూర్చోండి.