బియ్యంలో లేని రాయి

నా దగ్గర ఒక రాగి ముక్క ఉంది. చిటికెన వేలి గోరులో సగం ఉంటుంది. ఏడేళ్ళుగా దాన్ని బైబిలు జిప్పు కవరు లోపలి అరలో పెట్టుకుని మోస్తున్నాను. పారేయలేను, ఎవరికీ చూపించలేను. మీరు నన్ను ఎరగరు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది గోదావరి వైపు. ఒమాన్‌లో, మస్కట్ పక్కన అల్ మవాలేలో ఒక ఇంట్లో వంట చేస్తాను. ఆ ఇంటి యజమానిని మేం బాబా అంటాం. ఒక గురువారం ఆయన బహ్లాలో తమ్ముడి తోటకు వెళ్ళి వస్తూ ఒక జింకను తెచ్చాడు. ఇక్కడ జింకను కాల్చడం నేరం. బయట ఎక్కడా నోరెత్తవద్దని ఆయన భార్య, మా మేడమ్, వేలు చూపించి మరీ చెప్పింది. సరేనన్నాను.

మాంసం కోయడం నా పని. తూటా జబ్బలో తగిలింది. పైన చిటికెన వేలు పట్టేంత కన్నం. లోపల మాత్రం కండ అంతా నుజ్జయి నల్లగా ఉంది. బాబా తనకొచ్చిన హిందీలో విడమరిచి చెప్పాడు. నేరుగా దూసుకుపోయే తూటా అయితే జంతువు దెబ్బతోనే పరిగెత్తి ఎక్కడో చస్తుందట. ఇది లోపలికి వెళ్ళాక విచ్చుకుంటుందట, అందుకే నిలబడ్డచోటే పడిపోయిందట. ‘గోలీ ఫూల్ బన్ గయా’, తూటా పువ్వయిందని అంటూ పిడికిలి మూసి, వేళ్ళు విప్పి చూపించాడు. గాయం చుట్టూ జానెడు మేర కోసి పారేయమన్నాడు.

గోలీ అనగానే నాకు చిన్నప్పుడు ఆడుకున్న గోళీ గుర్తొచ్చింది. గుండ్రంగా, ఒక్కటే. అవతలి వైపు తోలు కింద అది దొరికింది కూడా, మూతి నలిగి పుట్టగొడుగులా. తీసి చెత్తలో వేశాను. ఇంకేముంది లోపల? అంత మంచి మాంసం పారేయడానికి చేతులు రాలేదు. పసుపూ వెనిగరూ వేసి మూడు నీళ్ళు కడిగి, మేడమ్ చూడకుండా ఫ్రిజ్ అడుగున దాచాను.

మా ప్రార్థనవాళ్ళ కోసం దాచానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. శుక్రవారం ప్రార్థన మా సంఘంలోని నర్సు విజయమ్మ గారి ఫ్లాట్లో జరిగేది. తర్వాత తలా ఒకటి తెచ్చి కలిసి తినే ప్రేమ విందు. నర్సులు చికెన్, కేకులు తెచ్చేవాళ్ళు. నేనెప్పుడూ పప్పే. ఒక్కసారైనా నేను మటన్ తెచ్చానని పదిమందీ అనుకోవాలని ఉండేది. ఆ శుక్రవారం జింక మాంసం కూర వండి తీసుకెళ్ళాను, మటనే అనుకున్నారు. పాస్టరు గారు నా పేరు చెప్పి మరీ స్తోత్రం చెల్లించారు. తల దించుకున్నాను గానీ, లోపల పొంగిపోయాను.

అన్నం వండేది సంతోషమ్మ. కడప మనిషి. ఒక ఒమానీ ఇంట్లో పసిబిడ్డను చూసుకునేది. బియ్యం చేటలో పోసుకుని, కిటికీ దగ్గర కూర్చుని, పాట పాడుకుంటూ ఏరేది. ప్యాకెట్ బియ్యంలో ఏముంటుందే అని మేం ఏడిపించినా మానేది కాదు. ఆ విందులో అదొక్కటే ఆమె పని, ఆమె గొప్ప.

రెండో ముద్దకే విజయమ్మ గారు దవడ పట్టుకున్నారు. దంతం చిట్లింది. నోట్లోది కాగితం రుమాల్లోకి ఊసి, కళ్ళు మూసుకుని, “రాయి” అన్నారు. అందరూ సంతోషమ్మ వైపు చూశారు. నేను పరిగెత్తి ఆ రుమాలు అందుకుని వంటింట్లోకి వెళ్ళి విప్పాను. మెతుకుల మధ్య రాగి రంగులో, వంకర తిరిగిన రేకు. ఆ గోళీ ఒక్కటిగా ఉండలేదు. బాబా వేళ్ళు ఎందుకు విప్పి చూపించాడో అప్పుడు అర్థమైంది.

వెనకాలే సంతోషమ్మ వచ్చింది. రుమాలు గుప్పిట్లో నలిపేశాను.

“మూడు తూర్లు ఏరినానక్కా. రాయి యాడ్నుంచి వచ్చె? నువ్వు చూసినావా?”

“చూశాను.”

“ఎట్లుండాది?”

“తెల్లగా, అచ్చం బియ్యపు గింజలాగే ఉందే. ఎవరికైనా కనపడదులే.”

“నాకు కనపడాల గదక్కా,” అంది.

ఆమెను ఓదార్చడానికే అలా అన్నానని చెప్పుకోగలను. జింక సంగతి బయటపడితే పోలీసులు, బాబా, నా వీసా, అన్నీ నిజమే. కానీ ఎముక ముక్క అంటే సరిపోయేది కదా? ఆమె మీదికి రాకపోను. ఎందుకనలేదు? ఎముక అంటే తప్పు నా కూరది అవుతుంది. అప్పుడే వచ్చిన మెప్పు గంటయినా నిలవదు. నిజం అంత చిన్నది, అంత నీచమైనది. ఆ కూర తిన్న వాళ్ళందరి కడుపుల్లోకీ ఇంకెన్ని రవ్వలు పోయాయో నాకు తెలియదు. ఆ భయమూ ఉంది. కానీ దాన్ని మించింది ఇంకొకటి.

సంతోషమ్మ నా మాట నమ్మింది. తన కళ్ళు పోతున్నాయనుకుంది. బిడ్డను ఎత్తుకుని మెట్లు దిగడానికి భయపడింది. నిజాయితీ గల మనిషి, తనే వెళ్ళి వాళ్ళ మేడమ్‌తో చెప్పుకుంది. చూపు లేని మనిషి చేతిలో పసిబిడ్డను ఎవరుంచుతారు? వీసా రద్దు చేసి పంపించేశారు. ఎయిర్‌పోర్టుకు వెళ్ళే ముందు తన చేట నాకిచ్చింది. తీసుకున్నాను. ఎలా తీసుకున్నానో నాకిప్పటికీ అర్థం కాదు.

మొన్న ఈస్టరుకు ఫోన్ చేసింది. ఊళ్ళో కంటి క్యాంపు పెడితే వెళ్ళిందట. డాక్టరు కళ్ళు బాగానే ఉన్నాయన్నాడట. “ఆయప్పకు ఏం తెలుసక్కా,” అని నవ్వింది. ఇంట్లో బియ్యం కోడలే ఏరుతుందట, తను ముట్టుకోదట. డాక్టరు మాట కన్నా నా మాట మీదే ఆమెకు గురి. ఆ రోజైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. పొయ్యి మీద కూర మాడుతోందని ఫోన్ పెట్టేశాను. పొయ్యి వెలిగించి కూడా లేదు.

ఆమెకు చదువు రాదు. ఇది ఆమె చదవదని తెలిసే రాస్తున్నానేమో. అయినా ఈ ఒక్క మాట ఆమెకే రాస్తాను. సంతోషమ్మా, అది రాయి కాదు. తెల్లగా లేదు. నీ బియ్యంలో ఏమీ లేదు. నీ కళ్ళు బాగానే ఉన్నాయి.