తెరేసియో బాబాయి సీసాకి చెప్పుకున్న క్షమాపణ

మా తెరేసియో బాబాయి సీసాలకి క్షమాపణ చెప్పుకునేవాడు. ఆయన గురించి లోకానికి తెలిసిందీ, లోకం నవ్విందీ, నేను తలదించుకున్నదీ ఇదొక్కటే. మా ప్రాంతపు బరోలో వైను సీసా బిరడా తీసే ముందు లేచి నిలబడేవాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకునేవాడు. సీసా వైపు కాస్త వంగి, "అమ్మా, నిండు నిద్రలో ఉన్నదానివి, లేపుతున్నాం. తిండిపోతు వెధవలం, మన్నించు" అనేవాడు. మనుషులకి మాత్రం ఆయన జన్మలో క్షమాపణ చెప్పిన దాఖలా లేదు. ఎవరి కాలైనా తొక్కితే, ఆ కాలు అక్కడెందుకు పెట్టారని అడిగేవాడు.

దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. మా కొండల మీద పండే నెబ్బియోలో ద్రాక్షకి తొందర తెలియదు. దాని వైను కుర్రతనంలో నాలుకని గీరి వదిలిపెట్టే వగరు. చీకట్లో ఏళ్ల తరబడి పడుకోబెడితే అప్పుడు మెల్లగా గులాబీ వాసన ఒక పక్కా, తారు వాసన ఒక పక్కా లేస్తాయి. అంతకు ముందే బిరడా పీకడం పసిదాని గొంతు నులమడమేనని బాబాయి అనేవాడు. ఆ మాట మా ఊళ్లో అందరూ అంటారు, అనేసి తాగేస్తారు. బాబాయి ఒక్కడే నేరం చేసినవాడిలా ప్రవర్తించేవాడు. సీసా వయసు తగ్గేకొద్దీ క్షమాపణ పొడవు పెరిగేది. ముప్ఫై ఏళ్ల సీసాకి రెండు ముక్కలతో సరిపెట్టేవాడు. నాలుగేళ్ల సీసా అయితే పళ్లేల్లో సేమ్యాలాంటి తాయరిన్ చల్లారి గడ్డకట్టేది.

నాకు మందుల దుకాణం లైసెన్సు వచ్చిన సంతోషంలో ఆయన్ని ఆల్బా పట్నంలో ఒక మంచి హోటలుకి తీసుకెళ్లాను. అది నేను సంతోషంలో చేసిన ఆఖరి పని. సర్వరు సీసా తెచ్చాడు.

"ఎన్నేళ్లు?" అన్నాడు బాబాయి.

"ఐదండీ."

"ఐదా." బాబాయి లేచాడు, టోపీ గుండెకి చేరింది. "తల్లీ, నిన్నింకా బళ్లో కూడా వెయ్యలేదు."

పక్క బల్ల దగ్గర ఒక నోటరీగారి కుటుంబం భోంచేస్తోంది. టోపీ గుండెకి పెట్టుకున్న పెద్దమనిషిని చూసి నోటరీగారు కూడా లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి ఇంకో బల్ల లేచింది. కాసేపట్లో హాలంతా నిలబడి మౌనం పాటించింది. వంటగదిలోంచి తొంగిచూసిన ఆవిడ సిలువ గుర్తు వేసుకుంది. బిల్లు కట్టి బయటపడుతుంటే నోటరీగారి భార్య నా చెయ్యి పట్టుకుని, "పోయినవారు బాగా దగ్గరివారా అమ్మా?" అంది. సీసా అని చెప్పలేక, అవునండీ అన్నాను.

ఇంకో తమాషా ఏమిటంటే, వైను బాగుంటే ఒక్క క్షమాపణతో ఊరుకునేవాడు గానీ చెడిపోయి ఉంటే రెండోది కూడా చెప్పేవాడు. అది ఇంకా గట్టిగా, బల్ల ఆ చివరకి వినపడేలా ఉండేది. పునీతుడి పండగ భోజనంలో ఫాదర్ ఫియోరెంజో దాచుకున్న సీసా తీస్తే గుప్పున పుల్లటి వాసన కొట్టింది. ఫాదర్‌గారి మొహం బీట్‌రూట్ అయింది. బాబాయి మళ్లీ లేచాడు.

"అమ్మా, ఇది నా పాపం. పొద్దున నిన్ను మెట్లెక్కిస్తూ తుమ్మాను. ఉలిక్కిపడి ఇలా అయిపోయావు."

"పాపాలు చెప్పుకునే పెట్టె చర్చిలో ఉంది తెరేసియో, బల్ల మీద కాదు" అన్నారు ఫాదర్‌గారు, మొహం తుడుచుకుంటూ.

"అక్కడికి ఏడాదికోసారి వస్తాను కదా ఫాదర్. ఇక్కడ రోజూ పనుంటుంది."

ఊరు నెల్లాళ్లపాటు ఆ తుమ్ము గురించి చెప్పుకుంది. దగ్గుమందుకి వచ్చినవాళ్లు సీసా అందుకుని, "మూత తీసే ముందు దీనికేమైనా చెప్పుకోవాలా క్లేలియా? మీ బాబాయిని అడిగి చెప్పు" అనేవాళ్లు. నేను చిల్లర లెక్క తప్పేదాన్ని. పెళ్లిళ్లకి వెళితే ఆయనకి వీలైనంత దూరంగా కూర్చునేదాన్ని. దూరం వల్ల లాభం లేదు. "అదుగో, ఆయన అన్నకూతురే" అని వేలు చూపించేవాళ్లు ప్రతి బల్ల దగ్గరా ఉంటారు.

ఇలా ఉండగా మా పక్కింటి ఓర్నెల్లా పెళ్లి కుదిరింది.

ఓర్నెల్లా పుట్టిన ఏడాది వాళ్ల నాన్న సెన్సిన్ తన పంటలోంచి కొన్ని పెద్ద సీసాలు తీసి, పిల్ల పెళ్లి కోసమని నేలమాళిగలో పడుకోబెట్టాడు. ఆ పెళ్లి చూడకుండానే పోయాడు. సీసాలు కూడా ఒక్కటొక్కటే ఏదో ఒక సందర్భానికి ఖర్చయి, ఒకే ఒక్కటి మిగిలింది. పెళ్లికొడుకు తండ్రి బత్తిస్తా ఎదుటి కొండ మీద తోటలున్నవాడు. సెన్సిన్ బతికున్న రోజుల్లో సంత సంతకీ తిరిగి, "సెన్సిన్ పీపాలకి బూజు పట్టింది. ఆ బూజు వాసననే వైను ముగ్గిందని చెప్పి అమ్ముతాడు" అని ప్రచారం చేసినవాడు. ఇప్పుడు వియ్యంకుడు. ప్రేమించుకునే పిల్లలకి ఇవన్నీ పట్టవు.

సెన్సిన్ భార్య డెల్ఫీనాకి పట్టింది. పెళ్లికి ముందురోజు మా దుకాణానికి వచ్చి చెప్పింది.

"ఆ ఆఖరి సీసా మొదటి గుక్క బత్తిస్తాగారికే పోస్తాను. తాగి, నలుగురి ముందూ ఆయన నోటితో ఆయనే బాగుందనాలి. ఆ తర్వాత నా వియ్యంకుడు, నెత్తిన పెట్టుకుంటాను. నీతో పనేమిటంటే, మీ బాబాయిని రేపొక్క పూట ఎక్కడైనా పెట్టి తాళం వెయ్యగలవా?"

"మా నేలమాళిగలో వెయ్యచ్చు పిన్నీ. సీసాలున్నాయి గనక సాయంత్రం దాకా తీరికుండదు."

డెల్ఫీనా ఆలోచించింది. "కుదరదులే. ముసలి బిరడా విరక్కుండా రావాలంటే ఆ చెయ్యే కావాలి. కనీసం టోపీ లేకుండా చూడు."

టోపీ నేను దాచేశాను. పెళ్లిరోజు నవంబరు మంచు కిటికీలకి దుప్పటి కప్పినట్టుంది, హాల్లో నిప్పుగూడు భగభగ మండుతోంది. మడ్డి అడుగుకి దిగాలని సీసాని కొన్ని రోజుల ముందే పైకి తెచ్చి నిలబెట్టి ఉంచారు. పెద్దల బల్ల దగ్గర బాబాయి లేచాడు. చెయ్యి తల మీదికి పోయింది, టోపీ తగల్లేదు. ఏమాత్రం తడబడకుండా పక్కనున్న బత్తిస్తా తల మీది టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"అది నాది" అన్నాడు బత్తిస్తా.

"ఈవిడకి ఆ తేడా తెలియదు లెండి."

బల్లంతా నవ్వింది. నేను నేల వైపు చూశాను. పెద్ద వయసు సీసా గనక రెండు ముక్కల్లో ముగించి, బాబాయి బిరడా తీశాడు. పొడుగాటి బిరడా, ఎక్కడా విరగకుండా వచ్చింది. తీసి, వడ్డనకి నిలబడ్డ నా చేతిలో పెట్టాడు. మందుల దుకాణం అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

బావిలో నానిన గోనెసంచి వాసన.

బిరడాకి బూజు పట్టింది. ఎక్కడో నూటికో కోటికో ఒక సీసాకి జరిగేది దీనికే జరిగింది. అది పీపాల తప్పు కాదు, సెన్సిన్ తప్పూ కాదు. కానీ బత్తిస్తా ఇన్నేళ్లుగా చెప్పిన వాసన సరిగ్గా ఇదే.

బాబాయి తన గ్లాసులో వేలెడు పోసుకుని నోట్లో తిప్పాడు. మొహంలో ఏమీ కనపడలేదు. డెల్ఫీనా ఆయన్నే చూస్తోంది. బత్తిస్తా ముక్కు అప్పటికే పని మొదలుపెట్టింది.

"ఏదో తడిగోనె వాసన" అన్నాడు బత్తిస్తా. "నేను ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నాను కదా, ఆ పీపాల..."

బాబాయి దబ్బున మోకాళ్ల మీద పడ్డాడు. బత్తిస్తా టోపీ ఆయన గుండెల మీద నలిగిపోతోంది.

"అమ్మా, నేను నీచుణ్ణి" అన్నాడు సీసాతో, హాలంతా వినపడేలా. "పోయిన నెల డెల్ఫీనా ఊళ్లో లేనప్పుడు దొంగలా నీ గదిలోకి దిగాను. నీ బిరడా ముసలిదైంది, మారుద్దాం అనుకున్నాను. కొత్తది కొనడానికి చేతులు రాలేదు. కోళ్ల దాణా డబ్బాలో దొరికినదాన్ని నీ గొంతులో కుక్కాను. సెన్సిన్ పెట్టినది పెట్టినట్టే ఉంటే ఈపాటికి మహారాణిలా వెలిగేదానివి."

నిప్పుగూట్లో ఒక కట్టె చిటపటలాడింది.

"వాసన బిరడాదా, పీపాదా?" అన్నాడు బత్తిస్తా.

"బిరడాది. నేను కుక్కిన బిరడాది."

"ఏదీ, చూపించమ్మా" అని నా వైపు చెయ్యి చాపాడు.

బిరడా నా గుప్పిట్లో ఉంది. కిందిభాగం నల్లబడింది. పక్కన కాల్చి వేసిన సెన్సిన్ పొడి అక్షరాలూ, ఓర్నెల్లా పుట్టిన సంవత్సరమూ ఉన్నాయి. దాన్ని ఏ కోడీ ఎన్నడూ చూసి ఉండదు. బాబాయి మోకాళ్ల మీదినుంచే నా వైపు చూశాడు.

"చూపించు తల్లీ" అన్నాడు నెమ్మదిగా.

నేను నిప్పుగూటి వైపు తిరిగి, "ఛీ, ఏం కంపు" అని దాన్ని మంటల్లోకి గిరాటేశాను. "ఏమనుకోకండి పెద్దయ్యా, కోళ్ల దాణా అనేసరికి చెయ్యి ఆగలేదు. మందులు ముట్టుకునే చెయ్యి."

బత్తిస్తా మంటని చూశాడు, నన్ను చూశాడు, మోకాళ్ల మీదున్న మనిషిని చూశాడు. పెద్దగా నిట్టూర్చాడు.

"పాపం సెన్సిన్. పక్కింట్లో ఇలాంటివాణ్ణి పెట్టుకుని అన్నేళ్లు వైను ఎలా తీశాడో. గొప్పవాడే."

ఇక బల్ల మొత్తం బాబాయి మీద పడింది. పిసినారి అన్నారు, గాడిద అన్నారు. ఎవరో కోడిలా కూశారు కూడా. బాబాయి లేచి మోకాళ్లు దులుపుకుని టోపీ బత్తిస్తా తల మీద తిరిగి పెట్టాడు, వెనక్కి ముందుకి తేడా చూసుకోకుండా.

పోయిన నెల డెల్ఫీనా ఊరు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. నేలమాళిగ తాళంచెవి ఆవిడ నడుముని వదిలి ఎక్కడా ఉండదు. నెమ్మదిగా లేచింది.

"తెరేసియో."

"ఊఁ."

"పాడుచేసింది నువ్వు, తాగేది కూడా నువ్వే. చుక్క మిగలకూడదు."

అందరూ చప్పట్లు కొట్టారు. బత్తిస్తా తోటలోంచి తెచ్చిన సీసాలు బల్లల మీదికి వచ్చాయి. బాబాయి ఆ పెద్ద సీసాని చంకన పెట్టుకుని నిప్పుగూటి పక్కన ఒంటరిగా కూర్చుని, నెమ్మదిగా, పద్ధతిగా, ఆ గోనెసంచి వైను తాగడం మొదలుపెట్టాడు. నేను కుర్చీ లాక్కుని పక్కన చేరాను.

"బాబాయ్, ఫాదర్‌గారి సీసా తెచ్చినప్పుడు మెట్ల మీద నిజంగా తుమ్మావా?"

"నాకు తుమ్ములు రావు తల్లీ" అని ఇంకో గుక్క మింగాడు.

ఆ తర్వాత చాలాసేపు నేను నిప్పులు సరిచేస్తూ కూర్చున్నాను. మొహం ఎర్రబడింది, అది మంట వల్లే అని చెప్పుకోవచ్చు.

అకార్డియన్ మొదలై కుర్రాళ్లు గెంతులేస్తుండగా డెల్ఫీనా వచ్చి బాబాయి ఎదురుగా కూర్చుంది. ఖాళీ గ్లాసు ముందుకు తోసింది.

"పొయ్యి."

"బాగోలేదు డెల్ఫీనా."

"నాకూ ముక్కుంది. పొయ్యి."

పోశాడు. ఆవిడ తాగి మొహం చిట్లించింది. "దరిద్రంగా ఉంది."

"ఆ కంపుకి అడుగున కాస్త గులాబీ ఉంది. ఓపిక పట్టి చూడు."

ఆవిడ గ్లాసులో ముక్కు పెట్టి కళ్లు మూసుకుంది. అకార్డియన్ ఒక పాట ముగించి ఇంకోటి అందుకుంది.

"ఆఁ, ఉంది" అంది.

అవతల నుంచి బత్తిస్తా కేకేశాడు. "ఆ విషం మీరెందుకు తాగుతున్నారు వదినగారూ?"

"శిక్ష వేసినదాన్ని, సరిగ్గా అమలవుతోందో లేదో చూసుకోవద్దా అన్నయ్యగారూ" అని డెల్ఫీనా గ్లాసు మళ్లీ చాపింది.