హరినాథ్ వదిలేసిన ఆకలి

హరినాథ్ చచ్చిపోయాడన్న మాట సత్యవేడు బస్టాండులో మొదట అన్నది పూలమ్మే రుక్మిణమ్మ. ఇంకెవరితోనైనా అన్నా బాగుండేది. హరినాథ్‌తోనే అంది.

మూర కొలుస్తూ, తల ఎత్తి సరిగా చూడకుండానే, “వ్యాను హరినాథు పాయినాడంట గదప్పా, ఇన్నావా? సుబ్బన్న కొడుకు. ఎంత మనిషి! ఆకు ముందర కూసుంటే సూసేదానికి రెండు కండ్లు సాలవు. పాడు సావు ఎవుర్ని ఇడిసిపెట్టింది” అంది.

నేనేనమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆవిడ నాలిక కరుచుకుని, నవ్వి, ఇంకో జానెడు పూలు ఎక్కువే ఇచ్చేది. కానీ హరినాథ్ నోట్లోంచి “అవునంట” అన్న మాట వచ్చింది. పూలు తీసుకుని వ్యాను దగ్గరికి నడిచేసరికి ఒళ్లంతా చెమట పట్టింది. బతికున్న మనిషి తన చావుకి తానే సాక్ష్యం చెప్పి వచ్చాడు మరి.

అతని పని వ్యాను తోలడం. చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లల్ని చీకటితోనే ఎక్కించుకుని తడ దగ్గరి ఫ్యాక్టరీలకు చేరుస్తాడు. మధ్యాహ్నం రెండో షిఫ్టు వాళ్లను దించి, మొదటి షిఫ్టు వాళ్లను ఇళ్లకు చేర్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోతుంది. భార్య కోమలి కూడా అదే వ్యానులో వెళ్లి కుట్టుమిషను మీద కూర్చుంటుంది. పగలంతా ఇంట్లో ఉండేది అతని తల్లి వరలక్ష్మమ్మ, బడి వదిలాక కూతురు జాహ్నవి. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అన్న సామెత ఆ ఇంట్లో చెల్లదు. హరినాథ్ రెండింటికీ తిమ్మరాజే.

తిండి అతనికి తండ్రి నుంచి వచ్చింది. సుబ్బన్న ఒకనాడు మేనమామ ఇంట్లో విందు తిని, గోడకు ఆనుకుని కళ్లు మూశాడు. కునుకు తీస్తున్నాడనుకుని జనం ఆయన పక్కనే కూర్చుని పేకాడుకున్నారు. పొద్దుగూకాక హరినాథ్ వెళ్లి లేపబోతే లేవలేదు. అప్పటికి ఆ పిల్లవాడికి మీసాలు కూడా రాలేదు. ఆస్తి పంపకాల్లో తగాదాలు వస్తాయి గానీ ఆకలి పంపకంలో ఏ తగాదా రాలేదు. మొత్తం హరినాథ్‌కే వచ్చింది.

నలభై దాటేసరికి పడుకుంటే గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది. ఉలిక్కిపడి లేచేవాడు. రాత్రి నిద్ర చాలక పగలు స్టీరింగు మీద తూగేవాడు. ఒక పొద్దున కాలువ వంతెన దగ్గర కళ్లు మూతపడ్డాయి. వెనక పిల్లలు అరిచిన అరుపుకి తెరిచి చూస్తే ముందు చక్రం గట్టు అంచు మీద ఉంది. ఆ రోజు అతనికి గోడకు ఆనుకున్న తండ్రి గుర్తొచ్చాడు. రేపు జాహ్నవి కూడా ఇలాగే వచ్చి తనను లేపుతుందా? ఈ ఆకలి తనతో ఆగిపోవాలి, బిడ్డకు తండ్రి ఉండాలి. అతనికి కావలసింది ఆ ఒక్కటే.

ముందు పథ్యం పట్టాడు. కొర్రల గంజి తాగాడు, గోధుమ రొట్టెలు తిన్నాడు, తడ రోడ్డు మీద చెమటలు కారేలా నడిచాడు. వరలక్ష్మమ్మ మంచిదే అంది. “రొట్టెలు తింటివి గదా, ఇంక అన్నం తిను నాయనా, సల్లారిపోతాది” అని కూడా అంది. అమ్మ వడ్డించాక వద్దనే కొడుకు ఆ ఇంట్లో పుట్టలేదు. తగ్గిన బరువు తగ్గినట్టే తిరిగొచ్చేది, వస్తూ వస్తూ ఇంకొంచెం వెంటబెట్టుకొచ్చేది.

చివరికి తిరుపతిలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాడు. “పద్ధతిగా తిని, నడిచి తగ్గేవాళ్లున్నారు. నీ బరువుకి, ఆ ఊపిరి ఆగిపోవడానికి మాత్రం ఆపరేషన్ చేస్తేనే మంచిది. చేసినా తిండి మారాల్సిందే, అది గుర్తుపెట్టుకో” అన్నాడు డాక్టరు. తిండి సంగతులు చెప్పే స్టెల్లా మేడమ్ అయితే ఇంకా తేటగా చెప్పింది. “మీకొక్కరికే వేరే గిన్నె పెడితే లాభం లేదన్నా. ఇంట్లో అందరి వంటా మారాల. వండే ఆమెను తోడుకోని రాండి, నేను సెప్తా.”

“మాయమ్మకి బస్సు పడదు మేడమ్” అని చెప్పి వచ్చేశాడు హరినాథ్. కోమలికి సెలవు దొరకలేదు. ఇంటికి చేరాల్సిన ఆ నాలుగు మాటలు తిరుపతిలోనే ఉండిపోయాయి.

కడుపును నిలువునా కోసి, పెద్ద భాగం తీసేసి, అరటికాయంత మిగిల్చారు. ఇంటికొచ్చి మంచం మీద వాలిన కొడుకును వరలక్ష్మమ్మ అడిగిన మొదటి మాట నొప్పి గురించి కాదు.

“కోసిందాన్ని ఏం సేసినారు?”

“పారేసినారు మా.”

“యాడ?”

“నాకేం తెలుసు? ఆస్పత్రోల్లకి తెలుసు.”

“అది మీ నాయన ఆకలి రా. కడుపంటే కోసి పారేసినారు, సరే. ఆకలి యాడికి పోతాది?”

హరినాథ్ నవ్వబోయాడు. కుట్లు లాగాయి, ఆపేశాడు.

ఆకలి నిజంగానే పోయింది. నాలుగు చెంచాల పప్పు, ఒక గుడ్డు, మెత్తగా ఉడికిన చేప ముక్క, అంతే. ఒక్క ముద్ద ఎక్కువైతే రొమ్ములో బండ పెట్టినట్టయ్యేది. జుట్టు రాలింది, మళ్లీ మొలిచింది. మాత్రలు రోజూ మింగాడు. ఒళ్లు సగానికి సగమైంది, రుక్మిణమ్మలాంటి తెలిసినవాళ్లు కూడా పోల్చుకోలేకపోయారు. గురక పోయింది, స్టీరింగు మీద కునుకు పోయింది. ఆపరేషన్ తన వంతు మేలు చేసింది, కాదనడానికి లేదు. ఇంట్లో మాత్రం పొయ్యి పాత పొయ్యే, గిన్నెలు పాత గిన్నెలే. హరినాథ్‌కు మాత్రం పక్కన చిన్న గిన్నె ఒకటి పెట్టారు.

పాత మనిషి కూడా పూర్తిగా పోలేదు. వ్యాను సీటులో అతను కూర్చున్న గుంట అలాగే ఉంది. అందులో కూర్చుంటే ఎవరి ఒడిలోనో కూర్చున్నట్టుండేది. దిండు తెచ్చి వేసుకున్నాడు. అయినా ఒక్కోసారి మలుపులో వెనకనుంచి ఎవరో మెత్తగా ఆనుకున్నట్టు అనిపించి, వీపు సీటుకు తగలకుండా నిటారుగా కూర్చుని తోలేవాడు. స్నానం చేసేటప్పుడు వేలాడే చర్మం చేతికి తగిలితే చటుక్కున చెయ్యి తీసేసేవాడు.

ఒక ఆదివారం కోమలి బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి చూసి, “బావా, నువ్వు తినేది పిట్ట తిన్నంత. బియ్యం మాత్రం మునుపట్లానే అయిపోతాండాయే, ఎవురు తింటాండారు?” అంది.

వరలక్ష్మమ్మ చాటలో రాళ్లేరుతూ, “తినేవోడు తింటాండాడు” అంది.

అత్త ఎత్తిపొడుస్తోందనుకుని కోమలి వెళ్లి కుట్టుపని ముందు కూర్చుంది. ఆమె చేతిలో జాహ్నవి యూనిఫారం ఉంది. కుట్లు విప్పి మళ్లీ వెడల్పు చేస్తోంది. పిల్ల బొద్దుగా తయారవుతోందని, అంతా నాయన పోలికేనని వీధిలో అందరూ మురిసేవాళ్లు. మురిసినవాళ్లలో హరినాథ్ కూడా ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే అతను నడుం వాల్చాడు. నిద్ర పట్టలేదు, కళ్లు తెరుచుకునే ఉన్నాయి. నడింట్లోంచి గురక వినపడింది. ఎవరిదో అయితే లక్ష్యపెట్టేవాడు కాదు. అది తన గురక. పెరిగి పెరిగి మధ్యలో తెగడం, ఊపిరే లేని ఆ కాసేపు, తర్వాత ఉక్కిరిబిక్కిరై మళ్లీ అందుకోవడం. కోమలి ఒకప్పుడు సెల్‌ఫోనులో పట్టి వినిపించి ఏడ్చింది, అతనికి బాగా గుర్తు. లేచి వెళ్లేసరికి ఆగిపోయింది. జాహ్నవి నిండా దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన వరలక్ష్మమ్మ కూర్చుని విసనకర్రతో విసురుతోంది.

“ఎవురు మా, గురక పెట్టింది?”

“నీ గురక నీకే తెలీదా?” అంది తల్లి, విసరడం ఆపకుండా.

అతను వెనక్కి వచ్చి మళ్లీ నడుం వాల్చాడు. ఇంకా అడిగితే ఏం చెబుతుందోనని భయం వేసింది.

నడింటి పక్కన చిన్న గది ఒకటి ఉంది. సుబ్బన్న ఫోటో అక్కడే. మహాలయ అమావాస్య నాడు ఆ గదిలో పెద్దలకు ఆకు వేస్తారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి అరిటాకులో పెట్టి, తలుపు మూసి, అందరూ బయట మాట్లాడకుండా కూర్చుంటారు. కాసేపయ్యాక ఒకరు గట్టిగా దగ్గి, లోపలివాళ్లకు తెలిసేలా చేసి, తలుపు తీస్తారు. ఆకులోది పారేయకూడదు. ఇంట్లో చిన్నబిడ్డను కూర్చోబెట్టి తినిపిస్తారు. బిడ్డ తింటే పోయినవాళ్లు తిన్నట్టే. తండ్రి ఆకును ఎన్నో ఏళ్లు తిన్నది హరినాథే. అది ఏడాదికొక రోజు ముచ్చట.

ఒకరోజు మధ్యాహ్నం దారిలో వ్యాను క్లచ్చు కాలిపోయింది. నరేంద్ర అనే ఇంకో డ్రైవరు తన బండిలో షిఫ్టు వాళ్లను తీసుకెళ్లాడు. ఎన్నడూ లేనిది, బడి వదిలే వేళకు హరినాథ్ ఇల్లు చేరాడు.

వసారాలో జాహ్నవి బడిసంచీ ఉంది. నాటుకోడి పులుసు వాసన వీధి దాకా కొడుతోంది. లోపల వరలక్ష్మమ్మ చిన్న గది ముందు నేల మీద కూర్చుని ఉంది. తల మీద కొంగు, ఒళ్లో చేతులు. గది తలుపు మూసి ఉంది. అమావాస్య కాదు, ఏ తిథీ కాదు.

కొడుకును చూసి పెదవుల మీద వేలు పెట్టింది. “సద్దు సెయ్యొద్దు. తింటాండాడు.”

“ఎవురు?”

“నా కొడుకు.”

“నేను ఈడుండాను గద మా?”

ఆమె అతన్ని జాలిగా చూసింది. దారి తప్పి వచ్చిన చుట్టాన్ని అలా చూస్తారు. “నువ్వు మంచోడివే నాయనా. నాలుగు సెంచాలు తిని లేసిపోతావు. నా కొడుకు అట్లా తినేవోడు కాదు. కడుపు లేని ఆకలితో యాడ తిరగతాండాడో అని దినామూ ఆకేస్తాండా. నువ్వు పని మీద పోయినాకనే వస్తాడు పాపం, నీ ముందర రాడు.”

లోపలినుంచి చప్పుడు వస్తోంది. ఎముక పీల్చిన చప్పుడు. ఆ వెంటనే చిన్న మూలుగు. పులుసు బాగా కుదిరినప్పుడు తన గొంతులోంచి వచ్చే మూలుగు అది. హరినాథ్‌కు వెనక్కి పరుగెత్తాలనిపించింది. అయినా దగ్గకుండానే తలుపు తోశాడు.

తలుపుకి వీపు పెట్టి ఒక మనిషి ఆకు ముందు కూర్చుని ఉంది. వెడల్పాటి వీపు. ఎడమ మోకాలి మీద ఆనించిన మోచెయ్యి. ముద్ద ముద్దకీ ముందుకు వాలే బరువైన మెడ. హరినాథ్ తనను తానే వెనకనుంచి చూస్తున్నాడు. ఆ వీపు మీద రిబ్బన్లు కట్టిన రెండు జడలు ఉన్నాయని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

“తలుపు మూయి నాయనా” అంది జాహ్నవి, వెనక్కి తిరక్కుండా. “ఆయన తినేటప్పుడు ఎవురూ సూడకూడదంట.”

“ఎవురు పాపా?”

“మా పాత నాయన.”

ఎదురుగా వెళ్లి కూలబడ్డాడు. ఆకులో పిడికిలి కంటే పెద్ద సంగటి ముద్ద ఇంకా సగం ఉంది. పిల్ల బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి, పెదాలు పులుసుతో ఎర్రగా ఉన్నాయి.

“ఆకలిగా ఉండాదా నీకు?”

జాహ్నవి తల అడ్డంగా ఊపింది. “లేదు. కడుపు నొస్తాంది. నేను తింటే ఆయన తిన్నెట్టే అని అవ్వ సెప్పింది. నేను ఇడిసిపెడితే ఆయన ఆకలికి సచ్చిపోతాడు గదా?” అని ఇంకో ముద్ద ఎత్తింది.

తల్లి మీద కోపం ముంచుకొచ్చింది హరినాథ్‌కు. ఇంత ముసలిదానివి, బిడ్డను ఇట్లా చేస్తావా అని అరవబోయాడు. వండే ఆమెను తోడుకొని రమ్మన్నప్పుడు బస్సు పడదని చెప్పింది ఎవరో గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. కోత తన కడుపుకే పడింది. పొయ్యి, ఆకు, ప్రేమ, వడ్డించే చెయ్యి, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆకలికి వేరే చోటు వెతుక్కోవలసిన పనే రాలేదు. తనతో ఆగిపోవాలనుకున్నది తన కళ్లముందే రెండు జడలేసుకుని కూర్చుంది.

“ఆయన ఇంక రాడు పాపా” అన్నాడు.

“ఎందుకు రాడు?”

“సచ్చిపోయినాడు. నేనే సంపేసినాను.”

బయట వరలక్ష్మమ్మ ఒక్కసారిగా శోకం పెట్టింది. “నా కొడకా, కడుపునిండా తినేవోడా, నన్నిడిసి పోతివా” అని, పీనుగ లేచిన ఇంట్లో ఏడ్చినట్టు, గుండెలు బాదుకుంటూ. ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకుంటున్నాయి. వాకిట్లో అడుగుల చప్పుడు. ఆపమని హరినాథ్ అనలేదు. ఆ పోయినవాడి కోసం ఇంతవరకూ ఎవరూ ఏడవలేదు, తను కూడా ఏడవలేదు. ఇప్పుడు అతనికీ ఏడుపు ఆగలేదు. జాహ్నవిని పొట్ట మీద పడుకోబెట్టుకుని జోకొట్టింది వాడే కదా.

జాహ్నవి ముద్ద పట్టుకున్న చేతిని అలాగే ఉంచి, అతని మొహం, మెడ, బుజాలు, ఒక్కొక్కటే చూసింది. వీధిలో కొత్తగా దిగినవాళ్లను చూసినట్టు చూసింది.

“నువ్వన్నా ఉంటావా?” అని అడిగింది.

“ఉంటాను.”

పిల్ల ముద్దను మెల్లగా ఆకులో పెట్టేసింది.