ఆరో నంబరు చొక్కా

ఆళ్లగడ్డ వాలీబాల్ జట్టు ఏ కాలేజీదీ కాదు, ఏ ఆఫీసుదీ కాదు. చర్చి వెనక ఖాళీ స్థలంలో సాయంత్రం పనులు దిగినవాళ్లు ఆడుకుంటూ ఆడుకుంటూ జట్టయ్యారు. వాన పడితే నల్లరేగడిలో కాలు దిగబడుతోందని, అహోబిలం దారి నుంచి బండ్లతో ఎర్ర గరుసు మట్టి తోలించి పరిపించింది టైలర్ మత్తయి. వల చిరిగితే బాగుచేసేదీ ఆయనే. ఆరుగురికీ చొక్కాలు కుట్టి, ఆరో నంబరు తనకు అట్టిపెట్టుకున్నాడు. ఆట మాత్రం అంతంతే. ఆయన సర్వీసు చేస్తే బంతి ఒక్కోసారి వల దాటేది, ఒక్కోసారి ప్రహరీ దాటి పాస్టరమ్మగారి వడియాల మీద పడేది.

1978 వేసవి టోర్నమెంటులో జట్టు మొదటిసారి ఫైనలుకు వచ్చింది. మత్తయికి నలభై దగ్గరపడుతున్నాయి. తను పరిపించిన గరుసు మీద, తను కుట్టిన చొక్కాలో ఈ ఒక్క ఫైనలూ ఆడితే చాలనుకున్నాడు. భార్య ఎస్తేరును ముందు వరసలో కూర్చోమని మరీ మరీ చెప్పాడు.

ముందురోజు కెప్టెన్ గురుస్వామి కొట్టుకు వచ్చి, మిషను మీదున్న కత్తెరను కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

“అన్నా, ఫైనలుకు నంద్యాల నుంచి పీరాను పిలిపిస్తాండాం.”

“మంచిదే కదప్పా. ఎవురి తావులో?”

“నీ తావులోనే.”

“మరి నేను యాడుండాల?”

“గీత కాడ కూచుందువులే. ఇంకోటన్నా. ఆయప్ప లావు మనిషి. నీ చొక్కా రొంత వదులు జెయ్యి.”

గురుస్వామి పోయాక మత్తయి చొక్కా పక్కకుట్లూ భుజం కుట్లూ విప్పి, లోపల మడిచిన గుడ్డంతా వదిలాడు. మళ్లీ మిషను మీద పెట్టలేదు. కొలత చూడడానికి వేసే కచ్చాకుట్టు, లాగితే ఊడిపోయేది, చేత్తో వేసి ఇస్త్రీ చేశాడు.

ఎస్తేరు చూసింది. “ఇదేం కుట్టు?”

“ఆయప్పకు ఇది చాల్లే.”

తీరా ఫైనలు నాడు పీరా ఆ చొక్కా తొడుక్కోనే లేదు. “ఉక్క పోస్తాంది. రొంత పట్టుకోన్నా” అని మత్తయి ఒళ్లో పెట్టి, బనియనుతోనే దిగాడు. అతను ఎగిరినప్పుడల్లా జనం ఈలలు వేశారు. మత్తయి ఒళ్లోని చొక్కాను చూసుకుంటూ కూర్చున్నాడు. ఆళ్లగడ్డ గెలిచింది. పీరా నంద్యాల బస్సు అందుకోవడానికి పరుగెత్తాడు.

ఫోటో తీసేవాడు, “ఐదుమందే ఉండారే” అన్నాడు.

“మత్తయన్నా, ఆ చొక్కా ఏసుకోని రా” అన్నాడు గురుస్వామి.

“నాకొద్దులేప్పా.”

“అలిగినావా ఏంది? రా అంటే.”

లాక్కొచ్చి తొడిగారు, కప్పు నెత్తిన పెట్టి పట్టుకోమన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. ఇద్దరు కుర్రాళ్లు చెరో పక్కా చొక్కా పట్టుకుని ఆయన్ను పైకెత్తబోయారు. చొక్కా ముందు భాగం ఒకరి చేతిలోకీ, వెనక భాగం ఇంకొకరి చేతిలోకీ వచ్చింది. చిల్లుల బనియనుతో మత్తయి, నెత్తిన కప్పు. ఫోటో అప్పుడే పడింది. ఎస్తేరు తప్ప అందరూ నవ్వారు.

మర్నాడు కొట్టుకు వచ్చిన ఖాజాబీ, కుట్టించుకున్న కొత్త రవిక తీసుకుని, కూలి ఇచ్చేముందు కుట్టు పట్టుకుని గట్టిగా లాగి చూసింది. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా లాగి చూసేవాళ్లే.

“కావాలనే అట్ల కుట్టినానని చెప్పరాదా?” అంది ఎస్తేరు.

“చెప్తే ఇంగా బాగుంటాది” అన్నాడు మత్తయి. చేతకాని టైలరైతే ఊళ్లో తలెత్తుకునన్నా నడవచ్చు, సొంత జట్టు చొక్కాను కావాలని ఊడిపోయేలా కుట్టినవాడు నడవలేడు.

మరుసటి ఏడు జట్టుకు కొత్త చొక్కాలు నంద్యాలలో కుట్టించారు. ఆ వారమే గురుస్వామి చిరిగిన వలను మోసుకొచ్చి మత్తయి కొట్టులో పడేశాడు.

“ఈసారి రొంత గట్టిగా కుట్టన్నా.”

మత్తయి సూదిలోకి దారం ఎక్కించాడు.