కోళ్ల ముందు వేసిన రొట్టె

నా చిన్నప్పుడు చిత్తూరులో మా ఇంటి నుంచి ఆదివారం పూట రెండు దారులు బయల్దేరేవి. ఒకటి మిషన్ గుడికి, మా నాయన వెనకాల, ఉతికిన గౌను నలగకుండా నడిచే దారి. రెండోది కేథలిక్కుల ఆర్.సి. గుడికి, మా అవ్వ చెయ్యి పట్టుకొని, ఆమె కాలికి రాళ్లు తగలకుండా చూసుకొంటూ నడిచే దారి. రెండు గుళ్లలోనూ ఒకే యేసు, ఒకే సిలువ. అయినా ఈ గుడిలో రొట్టెకు చెయ్యి చాపినవాళ్లు ఆ గుడిలో అప్పానికి నోరు తెరవకూడదు. ఎందుకు కూడదో పదకొండేళ్ల పిల్లకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చెప్పనందుకు నాకు కోపం. నా నోటి సంగతి ముందే చెప్పేస్తున్నాను, అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. ఒక ప్రశ్న పట్టుకొంటే ఎదుటివాళ్లు ఓడిపోయేదాకా వదిలిపెట్టను.

మా అమ్మ సత్యవేడు పక్కన ఒక పల్లెలో ఆర్.సి. ఇంట్లో పుట్టింది. మా నాయన మిషన్ బళ్లో అయ్యవారు, గుడిలో సంఘపెద్ద. పెండ్లి కోసం అమ్మ గుడి మార్చుకొంది. అందుకు అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, పన్నెండేళ్లు మా గడప తొక్కలేదు. నేను పుట్టినప్పుడు కూడా రాలేదు. కండ్లకు పొరలు కమ్మినాక, ఆసుపత్రికి దగ్గరని మామ ఆమెను తెచ్చి మా ఇంట్లో దించిపోయినాడు. అవ్వ మా ఇంట్లో ఉన్నది రెండు నెలలు, ఆ రెండు నెలలూ అమ్మ పొయ్యి దగ్గర పాటలు పాడుకొంది. అంతకు ముందు అమ్మకు పాటలు వచ్చని నాకు తెలీదు.

అవ్వ ఒకే ఒక షరతు పెట్టింది. ప్రతి ఆదివారం తన పూజకు తనను తీసకపోవాల. నాయన ఆలోచించను కూడా లేదు. "అత్తా, నీ గుడికి నువ్వు పో, నా గుడికి నేను పోతాను. అన్నం మాత్రం ఒకే కుండలోది తిందాం" అన్నాడు. అమ్మ లోపలికి పోయి ముక్కు చీదుకొంది. ఆ మాట మీద ఆ ఇల్లు నిలబడింది. దాన్ని కదిలించింది నేనే.

మా గుడిలో నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభుభోజన సంస్కారం ఇచ్చేవాళ్లు. దానికి రొట్టె సిద్ధం చేసేది మా అమ్మ. శనివారం సాయంత్రం బేకరీ రొట్టె తెచ్చి, అంచులు కోసేసి, మెత్తటి భాగాన్ని పాచికలంత ముక్కలు చేసేది. అంచులు మాకు, కాఫీలో ముంచుకొని తినేదానికి. ఎండు ద్రాక్షలు ఉడకబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి సీసాలో పోస్తే అదే ద్రాక్షారసం. ఆ సీసా ఊరగాయ జాడీ పక్కనే ఉండేది. అలా నా కళ్ల ముందు తయారైన వస్తువు గుడి బల్ల మీదికి పోగానే ఇంకేదో అవుతుందని నేనెట్లా నమ్మేది? నాయన కూడా నమ్మమనలేదు. అది గుర్తు అనేవాడు. ఫొటో చూసి మనిషిని తలుచుకొన్నట్టు రొట్టె చూసి ప్రభువును తలుచుకోవాలి, ఫొటోయే మనిషి కాదు కదా అని బళ్లో లెక్క విడమరిచినట్టు చెప్పేవాడు.

అవ్వ లెక్క వేరు. ఆదివారం లేచింది మొదలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. గుడిలో మోకాళ్ల మీద ఉండి, కొంగు తల మీదికి లాక్కొని, నాలుక చాపేది. ఆ తెల్లటి పలచటి అప్పాన్ని పన్ను తగలనిచ్చేది కాదు. అంగిటికి అదిమిపెట్టి కరగనిచ్చేది. ఇల్లు చేరేదాకా మాట్లాడేది కాదు. గడప లోపల కాలు పెట్టగానే నేను మొదలుపెట్టేదాన్ని.

"ఏం రుచుంటాది అవ్వా?"

"రుచి సూసేదానికి అదేమన్నా పులుసా మే. ఆయనే వస్తాడు."

"పిండిలోకి ఆయనెట్లా వస్తాడు?"

"ఎట్లొస్తాడో నాకేం తెలుసు. నువ్వు మీయమ్మ కడుపులోకి ఎట్లొచ్చినావో నీకు తెలుసా?"

వంటింట్లో అమ్మ నవ్వు వినబడింది. నాకు మండింది. నాయన చెప్పిన ఫొటో మాట తెచ్చి ఆమె ముందు పెట్టినాను. అవ్వ "నా పెట్టెలో మీ తాత ఫొటో ఉండాది. తీసి పొయ్యిలో ఎయ్యి, సూస్తాను" అంది. ఆ మాట మోసుకపోయి నాయనకు చెప్పినాను. నాయన ముందు నవ్వినాడు. తర్వాత నవ్వు ఆపి, ఆలోచించి చెప్తాను పాపా అన్నాడు. ఆ జవాబు ఆయన నాకు ఎన్నటికీ చెప్పలేదు. నేను ఓడిపోతున్నానని నాకు అర్థమైంది. ఓడిపోవడం నాకు చేతకాదు.

ఆ నెల మొదటి ఆదివారం పొద్దున వాన పట్టుకొంది. ఆర్.సి. పూజ తెల్లవారుజామునే అయిపోయేది కాబట్టి అవ్వను తడవకుండా తెచ్చి ఇంట్లో దించి, మా గుడికి పరుగెత్తినాను. మా గుడికి సగం మంది కూడా రాలేదు. సంస్కారం అయ్యాక తట్టలో చాలా రొట్టె మిగిలింది. మా గుడి పాస్టరు అయ్యగారు దాన్ని అమ్మ తెచ్చిన తెల్లగుడ్డలోనే కట్టి, పిల్లలు తింటారు తీసకపొమ్మని నా చేతికిచ్చినాడు. అమ్మా నాయనా ఎవరితోనో మాట్లాడుతూ వెనకబడినారు. నేను ముందుగా ఇల్లు చేరినాను.

అవ్వ వెనక వసారాలో కూర్చొని, చేటలో చెనక్కాయ విత్తనాలు పోసుకొని, పుచ్చువి వేళ్లతో తడిమి ఏరుతా ఉంది. మూట ఆమె ఎదురుగా పెట్టి, ఇది మా అయ్యగారు ప్రార్థన చేసిన రొట్టె, మిగిలింది అని చెప్పినాను. అంతే. అవ్వ చేట పక్కన పెట్టి కొంగు తల మీదికి లాక్కొంది. ఆర్.సి. గుడిలో లాక్కొన్నట్టే.

ఆ కొంగు చూసి నాకు వచ్చిన ఉత్సాహం ఇప్పుడు తలుచుకొంటే సిగ్గేస్తుంది. ఈమెను ఇప్పుడే, ఇక్కడే ఓడించవచ్చని అనిపించింది. మూట విప్పి రొట్టె మొత్తం పెరట్లో కోళ్ల ముందు కుమ్మరించినాను.

"సూడవ్వా, కోళ్లు తింటా ఉండాయి. వాటికేమన్నా అయిందా?"

ఆమెకు కనపడదు. కోళ్లు ఎగబడే చప్పుడు వినబడింది. అవ్వ లేచింది. చేట కాలికి తగిలి విత్తనాలన్నీ చెల్లాచెదరైనాయి. మెట్ల మీద కూర్చొని, ఒక్కొక్క మెట్టూ జారి, బురదలోకి దిగింది. మోకాళ్ల మీద పాకుతా రెండు చేతులతో నేలంతా తడమడం మొదలుపెట్టింది. ఒక చేత్తో కోళ్లను అదిలిస్తా, ఒక చేత్తో వెతుకుతా. రాయి దొరికితే వదిలేసింది. కోడిపెంట దొరికితే చెయ్యి చీరకు తుడుచుకొని మళ్లీ వెతికింది. రొట్టెముక్క దొరికితే నోట్లో పెట్టుకొంది. నమల్లేదు. పన్ను తగలకుండా, అంగిటికి అదిమిపెట్టి, కరిగేదాకా ఆగింది. పెదాల చుట్టూ బురద.

వద్దవ్వా అన్నాను. వినలేదు. అప్పటికి అమ్మ వచ్చి వంటింటి వాకిట్లో నిలబడిపోయింది. వెనకే నాయన. ఆయన నోరు తెరిచి "అత్తా, అది వట్టి రొట్టే" అంటాడని నేను ఎదురుచూసినాను. ఆయన నాకు నేర్పింది అదే కదా. ఆయన నాకేసి ఒకసారి చూసినాడు. తర్వాత కోళ్లను తరిమి, తెల్ల పంచెతో అట్లాగే బురదలో మోకాళ్లూని, ముక్కలు ఏరి ఆమె అరచేతిలో పెట్టడం మొదలుపెట్టినాడు.

"ఇంకా ఉండాయా అల్లుడా?"

"రెండు మూడుండాయి అత్తా."

"బాగా సూడు."

"సూస్తా ఉండాను."

చివరి ముక్క మరీ పాడైపోయి ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టలేదు. కోళ్లకూ విసరలేదు. అటూ ఇటూ చూసి, తన నోట్లో వేసుకొన్నాడు.

నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఎవరన్నా రెండు వేసుంటే ఆ రోజు ఆ రోజుతోనే పోయుండేది. అమ్మ గిన్నెలో నీళ్లు తెచ్చి అవ్వ చేతులు కడిగి, ఆ నీళ్లు కాలవలో పారబోయకుండా, ఎవరూ తొక్కని కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది. రొట్టె కట్టిన గుడ్డ జాడించిన నీళ్లూ అక్కడే పోసింది. అప్పుడు తట్టింది నాకు. ప్రతి నెలా ఆ గుడ్డను అమ్మ విడిగా జాడిస్తుంది, ఆ నీళ్లు అక్కడే పోస్తుంది. గుడి మార్చుకొన్నప్పటి నుంచి, ఎవరికీ చెప్పకుండా, ఎవరితోనూ వాదించకుండా.

మరుసటి ఆదివారం అవ్వ పూజకు ముందు, గుడి స్వామికి తప్పులు చెప్పుకొనే పాపసంకీర్తనానికి పోయి చాలాసేపు ఉంది. బయటికి వచ్చి చివర కూర్చొంది. అందరూ లేచి సత్ప్రసాదానికి, అదే ఆ తెల్లటి అప్పానికి, పోతుంటే ఆమె లేవలేదు. నేను చెయ్యి పట్టి లేపబోతే విదిలించుకొంది. తిరుగుదారిలో, ఎన్నడూ లేనిది, నడుస్తా మాట్లాడింది.

"సామికి చెప్పినాను. మీ గుడి రొట్టెలో ఏమీ లేదంట. వట్టి రొట్టెంట. తెలిసీ తిన్నందుకు తప్పయిందని ఒప్పుకోమన్నాడు. అంతదాకా సత్ప్రసాదం లేదంట."

నాకు తెలిసి ఆ స్వామీ మా నాయనా ఒకే మాట మీద నిలబడింది ఆ ఒక్క విషయంలోనే. నా ప్రశ్నకు ఇద్దరు పెద్దమనుషులు ఒకే జవాబు ఇచ్చినారు. నేను గెలిచినాను. గెలిస్తే ఇట్లా ఉంటుందని నాకు తెలీదు.

"ఒప్పుకోవాల్సింది కదవ్వా."

"మనసొప్పలేదు పాపా."

"ఏమీ లేకపోతే మరి ఎందుకు ఏరుకొన్నావు?"

"ఆయన పేరు చెప్పి ఇచ్చిండేది కదా. ఉండాడా లేడా అని నేను తేల్చుకొనే లోపల కోళ్లు తినేస్తాయి మే."

ఆమె విసుక్కోలేదు. నిజంగానే లెక్క చెప్పినట్టు చెప్పింది.

రెండు వారాలకు మామ వచ్చినాడు. తన పల్లె స్వామి అయితే తనను ఏండ్ల తరబడి ఎరిగినవాడని, ఆయనకు చెప్పుకొంటే తీరుతుందేమోనని, మామతో పల్లెకు పోతానని అవ్వ పట్టుబట్టింది. నాయన ఎంత చెప్పినా వినలేదు. "నీ మీద కోపం లేదు అల్లుడా, నీ పంచె బురదైంది నాకు తెలుసు" అంది. అమ్మ పెట్టె సర్దింది. ఆ రోజుతో పొయ్యి దగ్గర పాటలు ఆగిపోయినాయి. అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. బతికినన్నాళ్లూ అనలేదు.

మళ్లీ ఏడు వానలకు పల్లెలోనే అవ్వ కాలం చేసింది. చివర్లో స్వామి సత్ప్రసాదం తెచ్చినాడంట. నోరు తెరిచిందా అని అమ్మ అడిగింది. తాను అప్పుడు బయట ఉన్నానన్నాడు మామ.

తర్వాత నేను తిరుపతిలో కాలేజీ చదువు చదివినాను. ఆ రొట్టె మీద, ఆ రసం మీద దేశాలకు దేశాలే చీలిపోయినాయని చదివినాను. కొందరికి అది శరీరమే, కొందరికి గుర్తే, ఇంకొందరికి రొట్టె రొట్టెగా ఉంటూనే ఆయన ఉనికి. ఇప్పుడు ఎవరి తరఫున అయినా గంటసేపు వాదించగలను. వాదిస్తాను కూడా, మా సంఘంలో నన్ను చూస్తే పక్కకు తప్పుకొనేవాళ్లు ఉన్నారు. కానీ ఎదుటివాళ్ల మాట తప్పని నిరూపించేదానికి, వాళ్లు దేని ముందు తల మీద కొంగు వేసుకొంటారో దాన్ని ఇంతవరకూ మళ్లీ నేల మీద పడేయలేదు.

ఆ రొట్టెలో ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు. ఎవరన్నా అడిగితే మా నాయన చెప్పిందే చెబుతాను. మొదటి ఆదివారం అయ్యగారు ముక్క చేతిలో పెడతాడు, నోట్లో వేసుకొంటాను, నమలను. బల్ల దగ్గర నుంచి వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, అరచేయి వెలుతురుకు తిప్పి చూసుకొంటాను. పొడి ఏమన్నా మిగిలిందేమోనని.